నిద్ర చక్కబడితే మాట వస్తుందా?

మన యిళ్ళలో పసిబిడ్డకు నిద్ర, నుడి రెండూ జోలపాటతోనే మొదలవుతాయి. ఉయ్యాల ఊపే చేతికి తోడుగా తల్లి గొంతు ఒక లయలో సాగుతూ ఉంటుంది. బిడ్డకు ఆ మాటల అర్థం తెలియదు. కాని మాటల ఒరవడి చెవిని పడుతూ ఉంటుంది, కన్ను మూతపడుతూ ఉంటుంది. ఈ రెండు పనులూ సహజంగా జరిగిపోవడం వలన వాటి వెనుక మెదడు ఎంత శ్రమిస్తున్నదో మనం ఆలోచించము. ఆ సహజత్వం తప్పిన యింట్లోనే ఆలోచన మొదలవుతుంది. రాత్రి రెండు గంటలకు లేచి దీపం స్విచ్చి వేస్తూ, ఆర్పుతూ నవ్వుకొనే నాలుగేండ్ల పిల్లవాడూ, పగలు "నీళ్ళు" అని అడగలేక తల్లి చేయి పట్టుకొని కుండ దగ్గరకు లాగే పిల్లవాడూ ఒక్కడే ఐనప్పుడు, తల్లిదండ్రుల నోట వచ్చే ప్రశ్న ఒకటే: "వీడు సరిగా నిద్రపోతే మాట వస్తుందా, డాక్టరుగారూ?"

ఈ ప్రశ్నకు "తప్పక వస్తుంది" అనే జవాబు నేడు పలుచోట్ల తేలికగా దొరుకుతున్నది. "ఆ రెంటికీ సంబంధమే లేదు, ముందు మాట సంగతి చూడండి" అనే జవాబు కూడ దొరుకుతున్నది. ఆటిజం ఉన్న పిల్లల నిద్రనూ భాషనూ గూర్చి జరిగిన ముఖ్య పరిశోధనలను పరిశీలించి, ఈ రెండు జవాబులలో దేనికి ఎంత ఆధారం ఉన్నదో తూచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు చిక్కులు

మొదట భాష సంగతి. ఆటిజం ఉన్న పిల్లలందరికీ భాషలో ఒకే రకమైన ఇబ్బంది ఉండదు. కొందరు అనర్గళంగా మాట్లాడుతారు. కాని ఎదుటివాని ఎత్తిపొడుపును, హాస్యాన్ని ఉన్నమాటగానే తీసుకొంటారు. కొందరు విన్నమాటను విన్నట్లే తిరిగి పలుకుతారు. దీనిని ప్రతిధ్వని భాషణం అనవచ్చును. "పాలు తాగుతావా?" అని తల్లి అడిగితే "పాలు తాగుతావా" అనే బిడ్డ బదులు చెబుతాడు. అతని ఉద్దేశంలో అది "తాగుతాను" అనే. మన భాషలో నేను, నీవు అనే మాటలు చెప్పకపోయినా క్రియ చివర పురుష ప్రత్యయం ఉంటుంది కనుక, ఇతర భాషలలో సర్వనామాలు తారుమారైనట్లు మనకు ఈ తారుమారు క్రియలోనే కనబడుతుంది. ఇక సుమారు నాల్గవ వంతు నుంచి మూడవ వంతు వరకు పిల్లలు బడి యీడు వచ్చినా అతి కొద్ది మాటలతోనో, అసలు మాట లేకుండానో ఉండిపోతారని అంచనా.

రెండవది నిద్ర. పడుకొన్న తరువాత గంటసేపు నిద్ర పట్టకపోవడం, నడిరేయి మెలకువ వచ్చి గంటలకొద్దీ మేలుకొని ఉండడం, కోడికూతకు ముందే లేచిపోవడం, ఇవీ తరచుగా వినవచ్చే ఫిర్యాదులు. ఆటిజం ఉన్న పిల్లలలో 40 నుంచి 80 శాతం వరకు ఏదో ఒక నిద్ర సమస్య ఉన్నదని వేర్వేరు పరిశీలనలు చెబుతున్నవి. 40కి 80కి మధ్య దూరం ఇంత ఎక్కువగా ఉండడమే ఒక సూచన. "నిద్ర సమస్య" అనే మాటను ఒక్కొక్కరు ఒక్కొక్క కొలతతో కొలుస్తున్నారని దీని అర్థం. ఈ సంగతికి మళ్ళీ వద్దాము.

మొదటి వర్ణనలో చోటు దొరకని నిద్ర

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో పనిచేసిన డాక్టర్ లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను వర్ణిస్తూ వ్రాసిన పత్రంతో ఆటిజం వైద్యశాస్త్రంలో ఒక ప్రత్యేక స్థితిగా గుర్తింపు పొందింది. అందులో భాషను గూర్చిన పరిశీలన నేటికీ చదువదగినది. ఆ 11 మందిలో 8 మందికి మాట వచ్చిందనీ, ముగ్గురికి రాలేదనీ కానర్ లెక్కించారు. ప్రశ్ననే తిరిగి పలికి అవునని తెలపడం, నీవు, నేను తారుమారు కావడం ఆయన అప్పుడే గుర్తించారు. తిండి విషయంలో పిల్లలు పడిన ఇబ్బందులను సైతం విడిగా చెప్పారు. కాని ఆ పిల్లలందరిలో సామాన్యంగా కనబడిన లక్షణాలను ఆయన విశ్లేషించిన చోట నిద్రకు స్థానం లేదు.

ఆ తొలి చూపు చాలకాలం నిలిచిపోయింది. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న అమెరికా మనోవైద్యుల 2013 నాటి నిర్ణయ సూత్రాలలో కూడ ఆటిజాన్ని నిర్ధారించే ప్రధాన లక్షణాలలో నిద్ర లేదు. మన దేశం సంగతి కూడ అంతే. సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 2009లో తయారుచేసిన భారతీయ ఆటిజం అంచనా పట్టికలో 40 అంశాలు 6 విభాగాలుగా ఉన్నవి. భాషకు అందులో ఒక విభాగం ఉన్నది. నిద్రకు విభాగం లేదు. రోగనిర్ణయానికి అక్కరలేని లక్షణం కనుక పట్టికలో లేకపోవడం తప్పు కాదు. ఐతే పట్టికలో లేనిదాన్ని వైద్యుడు అడగడు, అడగనిదాన్ని తల్లి చెప్పదు. ఆ విధంగా రాత్రి జరిగే కష్టం రాత్రికే ఉండిపోతుంది.

కానర్ పత్రం నుంచి మరొక పాఠం నేర్చుకోవలసి ఉన్నది. ఆ పిల్లల తల్లిదండ్రులలో ఆప్యాయత చూపేవారు తక్కువ అని ఆయన వ్రాశారు. తరువాత వచ్చినవారు దానినే కారణం చేసి, తల్లి చల్లదనం వలన బిడ్డకు ఆటిజం వచ్చిందన్నారు. 1967లో బ్రూనో బెటెల్‌హైం ప్రకటించిన గ్రంథం ఈ వాదానికి పెద్ద ప్రచారం కల్పించింది. అంతకు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది మెదడుకు సంబంధించిన స్థితి అని వాదించారు. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ అనే పరిశోధకులు 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతలలో 4 జతలలో ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జతలలో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. తల్లి పెంపకమే కారణమైతే ఈ తేడా రాకూడదు. రెండు విషయాలు ఒకచోట కనబడగానే ఒకటి రెండవదానికి కారణమని తొందరపడితే ఎందరు తల్లులు ఎన్ని ఏండ్లు నింద మోయవలసి వచ్చిందో ఈ చరిత్ర చెబుతున్నది. నిద్రనూ భాషనూ కలిపి చూసేటప్పుడు ఆ తొందర మళ్ళీ పనికిరాదు.

నిద్రలో నేర్పు గట్టిపడడం

నిద్రకు జ్ఞాపకానికి సంబంధం ఉన్నదనే మాట ఊరికే పుట్టలేదు. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు అమెరికను మానసిక శాస్త్రజ్ఞులు, అర్థంలేని అక్షరాల గుంపులను ఇద్దరు మనుష్యులకు నేర్పి, కొన్ని గంటల తరువాత ఎన్ని గుర్తున్నవో అడిగారు. ఆ మధ్యకాలంలో నిద్రపోయినప్పుడు వారు మరచినవి తక్కువ, మేలుకొని ఉన్నప్పుడు మరచినవి ఎక్కువ. నిద్రలో కొత్త అనుభవాల తాకిడి లేకపోవడమే దీనికి కారణమని వారు భావించారు. నిద్ర కేవలం కాపలాదారు కాదు, నేర్చినదాన్ని సర్దిపెట్టే పనివాడు కూడ అనే అభిప్రాయం తరువాతి దశాబ్దాలలో బలపడింది.

ఈ సర్దుబాటులో ఒక విద్యుత్ సంకేతానికి ప్రత్యేక స్థానం ఉన్నది. నిద్రపోతున్నవాని తలపై విద్యుద్గ్రాహకాలు అంటించి మెదడు తరంగాలను గీయిస్తే, సెకనుకు సుమారు 11 నుంచి 16 సార్లు ఊగే చిన్న అలల గుంపులు అప్పుడప్పుడు కనబడుతాయి. మొదట సన్నగా, నడుమ లావుగా, చివర మళ్ళీ సన్నగా నూలు చుట్టిన కదురు ఆకారంలో ఉండడం వలన వీటిని నిద్రా కదురులు అంటారు. పగలు నేర్చినదాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచే హిప్పోకాంపస్ నుంచి శాశ్వతంగా దాచే మెదడు పైపొరకు మార్చే పనిలో ఈ కదురులు పాల్గొంటాయని శాస్త్రజ్ఞుల ఊహ.

పసిపిల్లలలోనూ దీనికి నిదర్శనం ఉన్నది. అమెరికాలోని అరిజోనాలో గోమెజ్, బూట్జిన్, నాడెల్ 15 నెలల పిల్లలకు ఒక కృత్రిమ భాషలోని పదాల వరుసలు వినిపించి, తరువాత పరీక్షించారు. నడుమ కునుకు తీసిన పిల్లలు విన్న వరుసలలోని సూత్రాన్ని పట్టుకొని కొత్త వరుసలకు కూడ వర్తింపజేశారు. కునుకు తీయనివారు విన్నవాటిని మాత్రమే గుర్తుపట్టారు. 2006లో ప్రకటితమైన ఈ ఫలితం నిద్రకూ భాషకూ మధ్య నిజమైన వంతెన ఉన్నదని చూపింది. ఐతే వీరంతా ఆటిజం లేని పిల్లలు. ఆటిజం ఉన్న పిల్లలలో ఈ వంతెన ఎక్కడ తెగింది, అసలు తెగిందా అన్నది వేరే ప్రశ్న.

పిపా అనే కప్ప

ఈ ప్రశ్నను సూటిగా వేసినవారు బ్రిటిష్ పరిశోధకులు లిసా హెండర్సన్, ఆమె సహచరులు. 2014లో వారు ఆటిజం ఉన్న 19 మంది బాలురకూ, లేని 19 మంది బాలురకూ కొన్ని కల్పిత పదాలు నేర్పారు. ఆ పదాలు తెలిసిన పదాలకు దగ్గరగా ఉండేవి. ఉదాహరణకు "బిస్కట్" తెలిసిన పిల్లలకు "బిస్కల్" అనే పదం. 24 గంటల తరువాత చూస్తే, కొత్త పదాలను గుర్తుపట్టడంలో, చెప్పడంలో రెండు వర్గాలూ సమానంగా పుంజుకొన్నవి. ఇక్కడ ఆటిజం ఉన్న పిల్లల జ్ఞాపకశక్తికి లోటు కనబడలేదు.

తేడా మరొకచోట వచ్చింది. "బిస్క" అని వినగానే కొత్తపదం కూడ పాతపదంతో పోటీపడి, పాతపదాన్ని పోల్చుకోవడం ఒక్క క్షణం ఆలస్యం ఐతే, కొత్తపదం పాత పదాల సంసారంలో కలిసిపోయిందని అర్థం. ఆటిజం లేని పిల్లలలో ఈ పోటీ మరునాడు కనబడింది. ఆటిజం ఉన్నవారిలో పోటీ నేర్చిన వెంటనే కనబడి, మరునాటికి చెప్పుకోదగినంత మిగలలేదు. ఇది ఆసక్తికరమైన ఫలితమే. కాని కొత్తపదం ఇంటిలో ఇమిడే క్రమం వేరుగా ఉన్నదని మాత్రమే ఇది చెబుతుంది. ఆ తేడా నిద్ర వలన వచ్చిందో, మేలుకొని ఉన్న గంటల వలన వచ్చిందో 24 గంటల విరామం ఒక్కటే తేల్చలేదు.

ఈ లోటును పూరించడానికి అదే పరిశోధక వర్గం మరొక ప్రయోగం చేసి 2020లో ప్రకటించింది. ఆటిజం ఉన్నవారూ లేనివారూ కలిసి 54 మంది పిల్లలకు తొమ్మిది అరుదైన జంతువుల పేర్లు నేర్పారు. వాటిలో ఒకటి పిపా, చదునైన శరీరం గల ఒక కప్ప. నేర్పిన రాత్రి పిల్లల మెదడు తరంగాలను నమోదు చేశారు. మరునాడు పరీక్షించారు. నెల తరువాత మళ్ళీ పరీక్షించారు.

మరునాడు రెండు వర్గాలకూ తేడా లేదు. నెల తరువాత మాత్రం ఆటిజం ఉన్న పిల్లలు ఆయా జంతువుల ప్రత్యేక లక్షణాలను, ఉదాహరణకు పిపా చదునుగా ఉంటుందనే సంగతిని, ఎక్కువగా మరచిపోయారు. నిద్రలో కదురులు పుట్టే పౌనఃపున్యంలో విద్యుత్ శక్తి వారిలో తక్కువగా కూడ ఉన్నది. ప్రతి రాత్రీ నేర్చినదానిలో కొద్దికొద్దిగా జారిపోతే ఏండ్ల మీద అది పెద్దలోటు కావచ్చునని పరిశోధకులు సంభావ్యతగా సూచించారు.

ఈ రంగంలో ఇది ఉత్తమమైన పనులలో ఒకటి. నిద్రను తల్లిదండ్రుల మాటపై కాక యంత్రంతో కొలిచారు. ఒక్క రాత్రితో ఆగక నెలరోజులు వెంటాడారు. ఐనను రెండు విషయాలు గమనించాలి. నిద్ర తేడా ఉన్నది, నెల తరువాతి మరపులో తేడా ఉన్నది. కాని మొదటిదాని వలననే రెండవది కలిగిందని ఈ ప్రయోగం రుజువు చేయలేదు. కదురులకు నేర్పుకు గల సంబంధం కూడ రెండు వర్గాలలో ఒకే తీరుగా లేదు. ఆటిజం లేనివారిలో అది కొత్త జంతువులకు పరిమితమైంది. ఆటిజం ఉన్నవారిలో పాత జంతువుల విషయంలోనే మరింత స్పష్టంగా కనబడింది. కొత్తదాన్ని దాచుకోవడం అనే సిద్ధాంతానికి ఇది పూర్తిగా అతకదు.

ప్రయోగంలో లేని పిల్లలు

ఇప్పుడు ముఖ్యమైన ఆక్షేపణకు వద్దాము. పై రెండు ప్రయోగాలలోనూ రెండు వర్గాల పిల్లలనూ పదజాలం సమానంగా ఉండేటట్లు జతపరచారు. శాస్త్రరీత్యా ఇది మంచి పద్ధతే. లేకపోతే వచ్చిన తేడా పదజాలం వలన వచ్చిందా, ఆటిజం వలన వచ్చిందా తెలియదు. కాని దీని ఫలితం ఏమిటి? పదజాలంలో తోటివారితో సమానంగా ఉన్న పిల్లలు, జంతువు పేరు చెప్పి దానిని వర్ణించగల పిల్లలు, తలపై తీగలు అంటించుకొని రాత్రంతా పడుకోగల పిల్లలు మాత్రమే లెక్కలోకి వచ్చారు. కుండ దగ్గరకు తల్లి చేయి లాగే పిల్లవాడు ఆ లెక్కలో లేడు. అతడు పిపా కప్పను వర్ణించలేడు. తీగలు అంటించనివ్వడు.

అనగా ఎవరి తల్లిదండ్రులు ఈ ప్రశ్న వేస్తున్నారో, ఆ పిల్లలపై ఈ ప్రయోగం జరగలేదు. ఇది పరిశోధకుల దోషం కాదు. పలుకురాని పిల్లల నిద్రను కొలవడం, వారికి అర్థమైన మాటలను లెక్కించడం నిజంగా కష్టం. దోషం ఆ ఫలితాన్ని హద్దులు దాటించి వాడేవారిది. మాట్లాడే పిల్లలలో కనబడిన ఒక సూక్ష్మభేదాన్ని తెచ్చి, మాటరాని పిల్లల తల్లికి "నిద్ర చక్కబడితే మాట వస్తుంది" అని చెప్పడం ఒక ఊరి బావిలో నీటిలోతు కొలిచి మరొక ఊరిలో బావి త్రవ్వమని చెప్పడం వంటిది.

బాణం ఎటు?

నిద్ర నుంచి భాషకు బాణం గీయడం ఒకటే మార్గం కాదు. భాష నుంచి నిద్రకూ బాణం గీయవచ్చును. కడుపునొప్పి, మలబద్ధం, పులితేనుపులు, పంటినొప్పి, రాత్రిపూట వచ్చే మూర్ఛ, ఇనుము లోపం వలన కాళ్ళు పీకడం, వీటిలో ఏదైనా పిల్లవాని నిద్ర చెడగొడుతుంది. మాట వచ్చిన పిల్లవాడు "అమ్మా, కడుపు నొప్పి" అంటాడు. మాటరాని పిల్లవాడు మేలుకొంటాడు, ఏడుస్తాడు, తల కొట్టుకొంటాడు. చూసేవారు దానిని ఆటిజం ఖాతాలో వ్రాస్తారు. "పొద్దుపోయింది, ఇక పడుకో, రేపు ఆడుకొందువు గాని" అనే ఒక్క వాక్యంలో కాలం, ఆజ్ఞ, వాగ్దానం మూడూ ఉన్నవి. అది అర్థంకాని బిడ్డకు దీపం ఆర్పడం కారణంలేని శిక్షగా తోచవచ్చును. ఇక్కడ భాష లోపమే నిద్ర లోపానికి కారణం అవుతున్నది.

మూడవ మార్గం కూడ ఉన్నది. రెండింటికీ వెనుక మూడవ కారణం ఒకటి ఉండవచ్చును. నిద్రా కదురులు పుట్టేది మెదడు నడుమనున్న థాలమస్‌లో. చెవిన పడిన ధ్వనిని పైపొరకు అందించేదీ థాలమసే. అక్కడి అల్లికలోనే తేడా ఉంటే నిద్ర, భాష రెండూ ఒకేసారి మారవచ్చును. అమెరికాలో 432 మంది శిశువులను పరిశీలించి 2020లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, తరువాత ఆటిజం నిర్ధారణ అయిన శిశువులకు మొదటి సంవత్సరంలోనే నిద్రపట్టడంలో ఇబ్బంది ఎక్కువగా ఉన్నదనీ, హిప్పోకాంపస్ పెరుగుదలలోని తేడాతో అది కలిసి కనబడిందనీ తేలింది. ఇక్కడ ఏది ముందు, ఏది వెనుక?

కెనడాలోని క్విబెక్‌లో 1,029 మంది కవల పిల్లలను పసితనం నుంచి పరిశీలించి, మొదటి రెండేళ్ళలో రాత్రి నిద్ర కుదురుకోని పిల్లలకు తరువాత భాషలో వెనుకబాటు ఎక్కువని 2011లో చెప్పారు. కాలక్రమంలో నిద్ర ముందు, భాష వెనుక కనబడినవి కనుక ఇది విలువైన సాక్ష్యం. కాని ఇది సామాన్య శిశువుల సంగతి. పైగా ముందు కనబడినది తప్పక కారణం కానక్కరలేదు. మెరుపు ముందు, ఉరుము వెనుక. రెండింటికీ మూలం ఒకే పిడుగు.

కొలబద్దల తగవు

నిద్రను కొలిచే తీరులోనూ చిక్కు ఉన్నది. తల్లిదండ్రులు వ్రాసే నిద్ర పుస్తకం ఒక కొలత. మణికట్టుకు గడియారంలా కట్టి కదలికలు లెక్కించే యాక్టిగ్రాఫ్ మరొక కొలత. యంత్రాలతో కొలిచిన అధ్యయనాలను సమీకరించి 2015లో లెక్కచూస్తే, ఆటిజం ఉన్న పిల్లలు సగటున సుమారు 33 నిమిషాలు తక్కువ నిద్రపోతున్నారు, నిద్రపట్టడానికి 11 నిమిషాలు ఎక్కువ తీసుకొంటున్నారు. తల్లిదండ్రులు చెప్పే కష్టంతో పోలిస్తే ఇది స్వల్పంగా తోస్తుంది. అంతమాత్రాన వారు ఎక్కువచేసి చెబుతున్నారనడం అన్యాయం. సగటు లెక్కలో బాగా నిద్రపోయేవారు, అసలు నిద్రపోనివారు కలిసిపోతారు. యంత్రం చేతికి కట్టనివ్వని పిల్లలు లెక్కలోనే ఉండరు. పైగా యంత్రం పిల్లవాని నిద్రను కొలుస్తుంది. తల్లి చెప్పేది యింటిల్లిపాది నిద్ర సంగతి.

చికిత్స ఏమి చెబుతున్నది?

కారణాన్ని తేల్చడానికి అన్నిటికంటె మంచి పద్ధతి ఒకదానిని మార్చి రెండవది మారుతున్నదా అని చూడడం. నిద్రను చక్కబరచి భాషను కొలిస్తే సంగతి తేలుతుంది. ఇంగ్లండు, వేల్సులలో నాడీవికాస లోపాలు గల 146 మంది పిల్లలలో కొందరికి మెలటొనిన్, కొందరికి మందులేని మాత్ర 12 వారాలు ఇచ్చి, 2012లో ఫలితాలు ప్రకటించారు. వీరిలో ఆటిజం ఉన్నవారూ, లేనివారూ ఉన్నారు. మెలటొనిన్ వాడిన పిల్లలు నిద్రపుస్తకం లెక్కలో సుమారు 37 నిమిషాలు, యాక్టిగ్రాఫ్ లెక్కలో 45 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఐతే ఉదయం కూడ ముందుగా లేచారు. అందువలన మొత్తం నిద్ర పుస్తకం ప్రకారం 22 నిమిషాలు మాత్రమే పెరిగింది. యంత్రం ప్రకారం 13 నిమిషాలు. ఈ 13 నిమిషాలు కాకతాళీయం కూడ కావచ్చును. పిల్లల ప్రవర్తనలో గణనీయమైన మార్పు తేలలేదు.

మందులేని మార్గం కూడ ఉన్నది. 2014లో అమెరికాలో బెత్ మాలో, ఆమె సహచరులు ఆటిజం ఉన్న 80 మంది పిల్లల తల్లిదండ్రులకు నిద్ర అలవాట్లను గూర్చి కొద్ది గంటల శిక్షణ ఇచ్చారు. పిల్లలకు నిద్రపట్టే వ్యవధి సగటున 58 నిమిషాల నుంచి 40 నిమిషాలకు తగ్గింది. శిక్షణ పొందని వర్గం పోలికకు లేకపోవడం ఈ పనిలో లోటు. ఐనను కొద్దిపాటి శిక్షణకు ఇది మంచి ఫలితమే. అమెరికా నాడీవైద్యుల సంఘం 2020లో ఇచ్చిన సూచనలలో, నిద్ర చెడగొట్టే ఇతర జబ్బులను ముందు వెదకాలనీ, తరువాత అలవాట్ల సవరణకు పూనుకోవాలనీ, అది చాలనప్పుడు మాత్రమే మెలటొనిన్ ఆలోచించాలనీ ఉన్నది.

గమనించదగినది ఒకటి. మెలటొనిన్ పరీక్ష గాని, ఈ శిక్షణ గాని మాట రావడాన్ని ప్రధాన లక్ష్యంగా పెట్టుకొని జరగలేదు. నిద్ర చక్కబడిందా అన్నదే వాటి ముఖ్య ప్రశ్న. కనుక వాటి పేరు చెప్పి మాట వస్తుందని ఆశపెట్టేవారు ఆ పరిశోధనలు చెప్పని మాటను వాటి నోట పెడుతున్నారు.

మన యిళ్ళలో

పై శిక్షణ పిల్లవానికి విడిగా గది, విడిగా మంచం ఉండే దేశంలో రూపొందింది. మన యిళ్ళలో పెక్కుచోట్ల తాత, నాయనమ్మ, తల్లి, తండ్రి, పిల్లలు ఒకే గదిలో పడుకొంటారు. తండ్రి పనినుంచి తొమ్మిదింటికి వస్తాడు, భోజనాలు పదింటికి అవుతాయి, అంతవరకు టెలివిజన్ మోగుతూ ఉంటుంది. ఇట్టి యింట్లో "పిల్లవాని గదిలో దీపం ఆర్పండి" అనే సలహా అచ్చు కాగితం మీదనే ఉండిపోతుంది. సలహా సారాన్ని మాత్రం మన యింటికి తగినట్లు మలచుకోవచ్చును. ప్రతిరోజూ ఒకే వేళకు పడక వేయడం, లేపడం. పడుకోబోయే గంట ముందు టెలివిజన్, సెల్‌ఫోన్ తెర ఆపివేయడం. స్నానం, పాలు, పక్క, దీపం ఆర్పడం ప్రతిరోజూ ఒకే వరుసలో జరపడం. మాట అర్థంకాని బిడ్డకు ఈ నాలుగింటి బొమ్మలు ఒక అట్టపై వరుసగా అంటించి, ఒక్కొక్క పని కాగానే ఆ బొమ్మ చూపడం. ఖర్చులేని ఈ అట్ట నిద్రకూ పనికివస్తుంది, భాషకూ పనికివస్తుంది. రాబోయేదాన్ని ముందుగా తెలుసుకోవడం ఆ బిడ్డకు అందిన మొదటి సంభాషణ కావచ్చును.

నిద్రమందును వైద్యుని సలహా లేకుండా వాడరాదు. రాత్రి మెలకువలకు శరీరంలో నొప్పి గాని, మూర్ఛ గాని ఉన్నదేమో ముందు పరీక్ష చేయించాలి. అన్నిటికంటె ముఖ్యంగా, నిద్ర చక్కబడిన తరువాత చూద్దామని భాషా శిక్షణను వాయిదా వేయరాదు. ఆ వాయిదాలో పోయే ఏండ్లు తిరిగిరావు.

ముగింపు

మొదటి ప్రశ్నకు వద్దాము. నిద్ర చక్కబడితే మాట వస్తుందా? వస్తుందని వాగ్దానం చేయడానికి నేటి శాస్త్రంలో ఆధారం చాలదు. గొలుసులోని లంకెలు ఒక్కొక్కటి వేర్వేరు పిల్లలలో విడివిడిగా దొరికినవి. మొత్తం గొలుసును ఒకే పిల్లవానిలో ఎవరూ పట్టి చూపలేదు. పలుకురాని పిల్లలను కలుపుకొని, నిద్రను చక్కబరచి, ఏడాది రెండేళ్ళపాటు వారి భాషను, పలికినదానినే కాక అర్థం చేసుకొన్నదానినీ, సైగనూ కూడ కొలిచే పరిశోధన జరగాలి. భాషా శిక్షకులు, మనోవైద్యులు ఉన్న మన సంస్థలు కూడ పూనుకోదగిన పని ఇది.

అంతవరకు నిద్రను నిర్లక్ష్యం చేయవచ్చునా? చేయరాదు. మాట తెస్తుందనే కారణంతోనే నిద్రకు విలువ కట్టడం పొరపాటు. ఆకలిగొన్న పిల్లవానికి అన్నం పెట్టేటప్పుడు దానివలన అతనికి లెక్కలు బాగా వస్తాయా అని మనం అడగము. నిద్ర కూడ అట్టిదే. అది ఆ బిడ్డ హక్కు, ఆ తల్లి అవసరం. "మాట వస్తుందని చెప్పలేనమ్మా, కాని నీవూ నీ బిడ్డా రాత్రి నిద్రపోయే ఉపాయం చూద్దాము" అని చెప్పగల వైద్యుడు శాస్త్రానికీ ఆ తల్లికీ ఒకే సమయంలో న్యాయం చేసినవాడవుతాడు.